ఇంట్లో వైఫై: ఎవరి మాట ముందు వెళ్లాలి



మన తమిళనాడులో సోగత్తూరులోనూ, చుట్టుపక్కల ధర్మపురి జిల్లా పల్లెల్లోనూ ఈమధ్య పొద్దు గూకాక వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ‘నెట్ ఉంది, కానీ రావడం లేదు.’ రౌటర్ మీద దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది. అయినా బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడు వీడియో కాల్‌లో నవ్వుతూ నవ్వుతూ బొమ్మలా బిగుసుకుపోతాడు. మాట సగంలో తెగుతుంది. అవ్వ ‘ఏమంటివి నాయనా, మళ్లీ చెప్పు’ అని అడిగి అడిగి విసిగి ఫోన్ పెట్టేస్తుంది. అదే సమయానికి పక్క గదిలో చార్జింగ్‌కు పెట్టిన ఇంకో ఫోన్, పగలంతా తీసిన పెళ్లి ఫోటోలను తనంతట తానే పైకి ఎక్కిస్తూ ఉంటుంది. ఆ ఫోటోలకూ ఈ మాట తెగడానికీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికీ తట్టదు.

అప్పుడు మనం చేసేదేమిటి? కేబుల్ ఆయనకు ఫోన్ చేస్తాం. ఆయన ‘పెద్ద ప్యాక్ వేసుకోండి’ అంటాడు. 40 మెగాబిట్లది తీసేసి 100 వేయించుకుంటాం. నెల బిల్లు పెరుగుతుంది. వారం రోజులు బాగానే ఉన్నట్టుంటుంది, ఆ తరవాత మళ్లీ అదే కథ. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదే: చాలా ఇళ్లల్లో ఉన్న వేగం సరిపోతుంది. కొరవ ఉన్నది వరసలో. ఏది ముందు వెళ్లాలి, ఏది కాసేపు ఆగినా ఫరవాలేదు అన్నది రౌటర్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పడం మన చేతిలో పని. దానికి చాలావరకు రూపాయి ఖర్చు లేదు.

ముందుగా జబ్బు ఎక్కడుందో కనిపెట్టాలి. ఇంట్లో ఫోన్ నుంచి రౌటర్ దాకా గాలిలో ఒక దారి ఉంది. రౌటర్ నుంచి బయటి తీగలోకి దూరే చోట ఒక ఇరుకు ఉంది. ఆ తరవాత కంపెనీవాళ్ల రోడ్డు. రౌటర్ పక్కనే నిలబడి మాట్లాడితే బాగుండి, వెనక గదిలోకి వెళ్తే తెగుతుంటే జబ్బు గాలిలో ఉన్నట్టు. రౌటర్ పక్కన నిలబడినా తెగుతుంటే, ఇంట్లో మిగతా ఫోన్లన్నీ వైఫై నుంచి తీసేసి మళ్లీ ఒకసారి మాట్లాడి చూడండి. అప్పుడు బాగుంటే జబ్బు గడప దగ్గరి ఇరుకులో ఉన్నట్టు. ఒక్క ఫోనే ఉన్నా, అర్ధరాత్రి అయినా తెగుతుంటేనే కంపెనీవాళ్లను పిలవాలి. ఈ పరీక్ష చేసి చెబితే వాళ్లు కూడా మన మాట మరో రకంగా వింటారు.

గాలి సంగతి మొదట చూద్దాం. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్స్ లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని కేంద్రం 2005లో ప్రకటించింది. వైఫై మన ఊళ్లలోకి రాగలిగింది అందువల్లే. అయితే అది అందరి పొలం. పక్కింటివాళ్ల రౌటరూ, బ్లూటూత్ స్పీకరూ, మైక్రోవేవ్ ఓవెనూ అన్నీ అక్కడే తిరుగుతుంటాయి. ఆ బ్యాండ్‌లో 13 చానళ్లున్నా ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. ఎందుకంటే చానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో వైఫై ప్రసారం ఆక్రమించేది సుమారు 20. అందుకని 3 అనో 8 అనో పెట్టుకుంటే రెండు వైపులా పొరుగువాళ్లతో రాపిడే. ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ ఒకటి వేసుకుని, చుట్టుపక్కల ఏ చానల్లో ఎందరున్నారో చూసి, ఈ మూడింటిలో ఖాళీగా ఉన్నదాన్ని పెట్టండి. వెడల్పు 40 అని ఉంటే 20కి దించండి. దించితే వేగం తగ్గుతుందని భయపడొద్దు. రద్దీ ఉన్న వీధిలో 40 వల్ల దక్కేది తక్కువ, పొరుగువాళ్లకు చేసే చేటు ఎక్కువ.

5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో జాగా చాలా విశాలం. 2018 అక్టోబరులో ప్రభుత్వం అక్కడ మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్స్ అవసరం లేకుండా చేసింది. ఇప్పుడొచ్చే రౌటర్లు చాలామటుకు రెండు బ్యాండ్లూ ఇస్తాయి. కానీ 5 గిగాహెర్ట్జ్ తరంగం గోడ దాటడంలో బలహీనం. మన పాత ఇళ్ల రాతిగోడలు రెండు దాటేసరికి నీరసించిపోతుంది. కాబట్టి టీవీ, ల్యాప్‌టాప్ లాంటి ఒకేచోట ఉండేవాటిని, రౌటర్‌కు దగ్గరగా ఉంటే, 5 మీదికి మార్చండి. తిరిగే ఫోన్లకూ వెనక గదులకూ 2.4 వదిలిపెట్టండి.

రౌటర్‌ను ఎక్కడ పెట్టాలన్నది నిజానికి సెట్టింగుల కన్నా పెద్ద విషయం. మనవాళ్లు దాన్ని టీవీ స్టాండ్ వెనక, ఇనుప బీరువా పక్కన, ఒక్కోసారి స్టీలు సామాను అలమరాలో దాస్తారు. తీగ ఎక్కడ నుంచి లోపలికొచ్చిందో అక్కడే మేకు కొట్టి తగిలిస్తారు. ఇనుము తరంగాన్ని అడ్డుకుంటుంది. ఇంటి నడుమ, మనిషి తల ఎత్తున, చుట్టూ ఇనుము లేకుండా పెట్టండి. తీగ పది అడుగులు పొడిగించడానికి అయ్యే ఖర్చు పెద్ద ప్యాక్ ఒక నెల బిల్లు కన్నా తక్కువే.

గాలి గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు. ఇంట్లో ఒక పాత ఫోన్ దూరంగా ఉండి, సిగ్నల్ సరిగ్గా అందక, సెకనుకు 1 మెగాబిట్ వేగంతో మాట్లాడుతోందనుకోండి. 1500 బైట్ల ఒక్క ప్యాకెట్ పంపడానికి దానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. రౌటర్ పక్కనున్న కొత్త ఫోన్ 100 మెగాబిట్ల వేగంతో అదే ప్యాకెట్‌ను 0.12 మిల్లీసెకన్లలో పంపేస్తుంది. వైఫై మామూలుగా ఇద్దరికీ ఒక్కో ప్యాకెట్ చొప్పున వంతు ఇస్తుంది. లెక్కకు సమానమే, కానీ కాలంలో ఒకటికి నూరు. ఒక్క నీరసమైన ఫోన్ ఇల్లంతటి గాలినీ తినేస్తుంది. ఈ దోషాన్ని 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు లెక్కకట్టి చూపించారు. డెన్మార్క్‌కు చెందిన టోకే హోయ్‌లాండ్ యోర్గెన్‌సన్, ఆయన తోటివాళ్లు 2017 నాటికి దానికి మందు కనిపెట్టి లైనక్స్‌లో చేర్చారు. ప్యాకెట్లను లెక్కబెట్టడం మాని కాలాన్ని లెక్కబెట్టి వంతు ఇవ్వడమే ఆ మందు. మీ రౌటర్ పేజీలో ‘ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్’ అని కనిపిస్తే ఆన్‌లో ఉంచండి.

ఆ రౌటర్ పేజీ ఎక్కడ ఉంటుందంటారా? డబ్బాను తిరగేయండి. అడుగున ఒక చీటీ అంటించి ఉంటుంది. 192.168.1.1 అనో, 192.168.0.1 అనో ఒక అంకె ఉంటుంది. వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో ఆ అంకె కొడితే పేజీ తెరుచుకుంటుంది. చీటీ మీదున్న పేరూ పాస్‌వర్డూ ఇవ్వండి. లోపలికి వెళ్లగానే మొదట ఆ పాస్‌వర్డ్ మార్చేయండి, ఎందుకంటే ఒకే మోడల్ డబ్బాలు కొన్నింటికి ఒకటే పాస్‌వర్డ్ ఉంటుంది. సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. డబ్ల్యూపీఎస్ అనే మీట ఆపేయండి. ఇంటికొచ్చే చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ అని వేరేగా పెట్టి, వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇది భద్రతకు మాత్రమే కాదు, రేపు వరస పెట్టేటప్పుడు చుట్టాల ఫోన్లను వేరుగా గుర్తుపట్టడానికీ పనికొస్తుంది.

ఇక అసలు విషయానికి, గడప దగ్గరి ఇరుకుకు వద్దాం.

ఫోన్‌లో మనం మాట్లాడే మాట ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. పాత టెలిఫోన్ ప్రమాణం ప్రకారం ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక ముక్క. సెకనుకు 50 ముక్కలు. ఒక్కో ముక్కలో మాట 160 బైట్లు, పైన చిరునామా 40 బైట్లు. మొత్తం చూస్తే సెకనుకు 80 కిలోబిట్లు. ఇప్పటి యాప్‌లు ఇంకా తక్కువతో సరిపెడతాయి. మీ ఇంటి నుంచి బయటికి పంపే వేగం 10 మెగాబిట్లయితే, అవ్వ మాటకు కావాల్సింది అందులో నూటికి ఒక పాలు కూడా కాదు. కానీ ఆ చిన్న ముక్క వేళకు చేరాలి. నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్ల లోపల చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం యూనియన్ పెట్టిన ప్రమాణం. ఆలస్యంగా వచ్చిన మాట రానట్టే లెక్క. దాన్ని పారేయడం తప్ప ఫోన్ చేయగలిగింది లేదు.

ఇప్పుడు పక్క గది ఫోన్ పెళ్లి ఫోటో ఎక్కించడం మొదలుపెట్టింది. 4 మెగాబైట్ల ఫోటో అంటే సుమారు 2,700 పెద్ద ప్యాకెట్లు. అన్నీ ఒకేసారి రౌటర్ గడపకు వచ్చి పడతాయి. బయటి తీగ ఒక్కొక్కటిగానే తీసుకోగలదు. మిగతావి రౌటర్ జ్ఞాపకంలో వరసకట్టి నిలబడతాయి. ఆ వరసలో 1 మెగాబైట్ పేరుకుందంటే, 10 మెగాబిట్ల తీగ మీద అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. ఆ వరస చివర వచ్చి నిలబడ్డ అవ్వ మాట ముక్క కూడా 0.8 సెకను ఆగాల్సిందే. ప్రమాణానికి అయిదింతలు పైమాటే.

తొప్పూరు ఘాట్లో లారీ అడ్డం పడిన రోజు మనకందరికీ అనుభవమే. వెనక కిలోమీటర్ల కొద్దీ బండ్లు నిలిచిపోతాయి, వాటి నడుమ ఎక్కడో అంబులెన్స్ ఇరుక్కుని సైరన్ మోగిస్తూ ఉంటుంది. అప్పుడు ఎవరైనా వచ్చి ‘బండ్లు నిలబడ్డానికి ఇంకో పది కిలోమీటర్లు స్థలం కట్టిస్తాం’ అంటే అంబులెన్స్‌కు ఒరిగేదేముంది? రౌటర్లు చేసే కంపెనీలు ఏళ్ల తరబడి అదే చేశాయి. ప్యాకెట్ పోగొట్టుకోవడం పాపమనుకుని, జ్ఞాపకం చవకైన కొద్దీ వరసను పొడుగు చేసుకుంటూ పోయాయి. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే ఈ జబ్బు పట్టుకుని 2010, 2011లలో దానికి ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టి లోకానికి చాటాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ విరుగుడు రాశారు. వరస ఎంత పొడుగుందని చూడొద్దు, ఒక్కో ప్యాకెట్ వరసలో ఎంతసేపు నిలబడిందో చూడండి, అయిదు మిల్లీసెకన్లకు మించి అదేపనిగా నిలబడుతుంటే ఒకటి పారేయండి, పంపేవాడు తగ్గుతాడు అన్నారు. నిజంగానే తగ్గుతాడు. ఇంటర్నెట్ దశాబ్దాలుగా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని పంపేవాడికి తెలుస్తుంది. వరసను కొండంత చేసి ఆ కబురు అందకుండా చేసింది మనమే.

దానికి తోడు వేరేవాళ్లు ఇంకొకటి చేర్చారు. ఒక్కో సంభాషణకు ఒక్కో చిన్న వరస కట్టి, ఒక్కోదాని నుంచి వంతుగా తీయడం. ఫోటో వరసలో 2,700 ఉన్నా, అవ్వ వరసలో ఉన్న ఒక్క ముక్కకూ వెంటనే వంతొస్తుంది. ఈ రెండూ కలిసి ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతి. డేవ్ టాట్ అనే ఆయన దీన్ని ఊరూరా చవక రౌటర్లలోకి చేర్చడానికి జీవితమే పెట్టాడు. 2025లో కన్నుమూశాడు. మనం ఎన్నడూ పేరు విననివాళ్లు మన ఇంట్లో మాట తెగకుండా కాపాడుతున్నారని తెలిసినప్పుడు నాకు కలిగే కృతజ్ఞత చెప్పలేనిది.

సెట్టింగ్ విషయానికి వస్తే, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిన రౌటర్లలో దీని పేరు ఎస్‌క్యూఎం. ఇతర రౌటర్లలో క్యూఓఎస్, స్మార్ట్ క్యూఓఎస్, ట్రాఫిక్ కంట్రోల్ లాంటి పేర్లతో ఉంటుంది. అది మిమ్మల్ని రెండంకెలు అడుగుతుంది: లోపలికి వచ్చే వేగం ఎంత, బయటికి పోయే వేగం ఎంత. ప్యాక్ మీద రాసింది ఇవ్వకండి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చిన తక్కువ అంకెలో నూటికి 90 వంతు ఇవ్వండి. పది వంతులు పోగొట్టుకుంటున్నామని బాధపడొద్దు. ఆ పది వదలకపోతే వరస మీ రౌటర్‌లో కాక కంపెనీవాళ్ల డబ్బాలో కడుతుంది. అక్కడ మన మాట చెల్లదు. వరస మన ఇంట్లో కట్టినప్పుడే మన వంతులు మనం ఇవ్వగలం. మీకు కంపెనీ ఇచ్చిన డబ్బాలో ఈ పేజీ లేకపోతే, దాని వెనక సొంత రౌటర్ ఒకటి పెట్టుకుని, ఇంట్లో వైఫై అంతా దాన్నుంచే నడపండి.

పెట్టాక పనిచేస్తోందో లేదో చూడటం తేలిక. ఒక ఫోన్‌లో పెద్ద వీడియో ఎక్కించడం మొదలుపెట్టి, ఇంకో దాన్నుంచి ‘పింగ్’ కొట్టి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. అప్‌లోడ్ లేనప్పుడు 20 మిల్లీసెకన్లున్న జవాబు, అప్‌లోడ్ నడుస్తుండగా 800 అయిందంటే ఇంకా పని ఉందని. 40, 50 దగ్గరే నిలబడిందంటే మీ ఇల్లు బాగుపడింది.

గాలిలో కూడా వరస ఉంది. వైఫై పరికరం మాట్లాడే ముందు వింటుంది. గాలి ఖాళీగా ఉంటే కాసేపు ఆగి, ఆపైన చీటీ తీసినట్టు ఇంకొంత ఆగి, అప్పుడు మాట్లాడుతుంది. 2005లో ఖరారైన 802.11ఈ ప్రమాణం ఆ ఆగడాన్ని నాలుగు తరగతులు చేసింది: మాట, వీడియో, మామూలు, వెనకటిది. మాటకు తక్కువ ఆగుడు, డౌన్‌లోడ్ లాంటి వెనకటి పనికి ఎక్కువ ఆగుడు. మామూలుగా ఉండే అంకెలతో 5 గిగాహెర్ట్జ్‌లో లెక్క వేస్తే, మాట ప్యాకెట్ 34 నుంచి 61 మైక్రోసెకన్ల లోపల నోరు తెరుస్తుంది. వెనకటి తరగతి ప్యాకెట్ ఎంత తొందరపడ్డా 79 దాకా ఆగాలి. ఇద్దరూ ఒకేసారి బయల్దేరితే మొదటి ప్రయత్నంలో మాటే గెలుస్తుంది. ఈ ఏర్పాటుకే రౌటర్ పేజీలో డబ్ల్యూఎంఎం అని పేరు. దాన్ని ఎప్పుడూ ఆపకండి. ‘ఆపితే స్పీడ్ పెరుగుతుంది’ అని చెప్పేవాళ్లున్నారు, జరిగేది దానికి తలకిందులు. 802.11ఎన్ మొదలుకుని వచ్చిన వైఫై వేగాలన్నీ దాని మీద ఆధారపడ్డాయి, కాబట్టి ఆపితే చాలా పరికరాలు 54 మెగాబిట్ల పాత కాలానికి జారిపోతాయి.

డబ్ల్యూఎంఎం‌కు ఒక పరిమితి ఉంది. ఏ ప్యాకెట్ మాటో, ఏది ఫోటోనో ఎవరైనా దాని మీద గుర్తు పెడితేనే దానికి తెలుస్తుంది. బయటి నుంచి వచ్చే ప్యాకెట్ల మీది గుర్తు దారిలో చాలాసార్లు చెరిగిపోతుంది. అందుకే రౌటర్‌లో పరికరాన్ని బట్టి వంతు చెప్పడం ఇళ్లకు తేలికైన దారి. పేజీలో ‘డివైస్ ప్రయారిటీ’ అని ఉంటే, అవ్వ ఫోనూ, పిల్ల ఆన్‌లైన్ క్లాసు ల్యాప్‌టాపూ పైన పెట్టండి. టీవీని మధ్యలో, చుట్టాల గెస్ట్ నెట్‌వర్క్‌ను కింద. అన్నింటినీ పైన పెడితే ఏదీ పైన లేనట్టే, కాబట్టి పైన రెండుకు మించొద్దు.

ఈ విద్య కంపెనీల ప్రయోగశాలల్లో మాత్రమే పుట్టలేదు. దీనిలో కొంత భాగం మన పల్లెల మీద, మన భాషవాళ్ల చేతుల మీద పెరిగింది. ఆ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం నాకు వెలితిగా ఉంటుంది.

మన రాష్ట్రంలోనే తేని జిల్లా ఉంది. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రికి తేనిలో శాఖ ఉంది. చుట్టూ పల్లెల్లో చిన్న కంటి కేంద్రాలు పెట్టి, అక్కడికి వచ్చిన రోగిని తేనిలో ఉన్న డాక్టరు వీడియోలో చూడాలని వాళ్ల కోరిక. ఆ రోజుల్లో పల్లెకు ఫైబర్ లేదు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ఎరిక్ బ్రూవర్ బృందం వచ్చి మామూలు వైఫై రేడియోలనే తీసుకుని, ఎత్తైన స్తంభాల మీద దిశ పట్టే యాంటెన్నాలు బిగించి, 15 కిలోమీటర్ల దాకా లంకెలు వేసింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. వైఫై ఒక ఇంటి లోపల మాట్లాడుకోవడానికి పుట్టింది. ప్యాకెట్ పంపి, ‘అందింది’ అన్న జవాబు కోసం కాస్త చూసి, రాకపోతే పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. 15 కిలోమీటర్లు పోయి రావడానికి వెలుగుకే 100 మైక్రోసెకన్లు పడుతుంది. జవాబు దారిలో ఉండగానే ఇవతలి రేడియో తొందరపడి మళ్లీ పంపడం మొదలుపెట్టేది. అవతలివాడి మాట ఇవతలికి ఆలస్యంగా వినబడుతుంది గనక ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఢీకొనేవాళ్లు. వేగం ఉండీ అది వాడుకోలేని స్థితి. వాళ్లు రేడియోల వేగం పెంచలేదు. ‘వినడం, చీటీ తీయడం’ అన్న పద్ధతే ఎత్తేసి కాలాన్ని ముక్కలు చేశారు: ఈ ముక్కలో నువ్వు, ఆ ముక్కలో నేను. జవాబులను కూడా ఒక్కొక్కటిగా కాక మూటగా పంపారు. 2007లో వాళ్లు ప్రచురించిన వైల్డ్‌నెట్ పత్రంలో, మామూలు వైఫైతో పోలిస్తే నిజంగా చేతికందే వేగం రెండు నుంచి అయిదింతలైనట్టు చూపించారు. అదే ఏడాది వెనిజువెలాలో ఎర్మాన్నో పియెత్రొసెమోలి బృందం 382 కిలోమీటర్ల వైఫై లంకె వేసినప్పుడు, దాని మీద కూడా ఇదే పద్ధతి పనిచేసింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఆంధ్రలో పశ్చిమగోదావరి జిల్లాలో, భీమవరం చుట్టుపక్కల పల్లెలకు బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో వైఫై వల వేసింది. చదువూ వైద్యమూ వీడియోలో పల్లెకు చేరాలని దాని ఉద్దేశం. ఇలాంటి వలల్లో వరస ఎలా ఉండాలన్నది శాస్త్రంగా పట్టించుకున్నవాళ్లలో ఇద్దరిని పేర్కొనాలి: ఐఐటీ కాన్పూరులో పనిచేసి తరవాత ఐఐటీ బొంబాయికి వెళ్లిన కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్. 2005లో వాళ్లు ప్రతిపాదించిన 2పీ అనే పద్ధతి సారాంశం ఇది: ఒక స్తంభం మీద నాలుగు వైపులకు నాలుగు రేడియోలుంటే, నాలుగూ ఒకేసారి పంపాలి, లేదా నాలుగూ ఒకేసారి వినాలి. ఒకటి పంపుతూ పక్కది వింటూ ఉంటే పంపేదాని గోల వినేదాని చెవిలో పడుతుంది. తరవాత 2007లో వాళ్లు ఫ్రాక్టెల్ అన్న పనిలో పల్లెలో వీడియోకూ మాటకూ వేళ తప్పని హామీ ఎలా ఇవ్వాలో ఆలోచించారు. వాళ్ల మనసులో ఉన్నది కొత్త పరికరం అమ్మడం కాదు. దుకాణంలో దొరికే చవక రేడియోతోనే పల్లె పాఠశాలలో టీచరు మాట తెగకుండా చేయడం. ఆ పట్టుదలే నన్ను ఈ విషయం వైపు లాగింది.

తేని అనుభవంలో ఇంకొక పాఠం ఉంది, అది రేడియోకు సంబంధం లేనిది. ఆ వల తరచు చెడింది రేడియో వల్ల కాదు, కరెంటు వల్ల. ఓల్టేజి ఎగిసి పడటం వల్ల. బర్క్‌లీ బృందం 2008లో దాని మీదే ఒక పత్రం రాసింది. మన దగ్గరా కరెంటు మినుకుమినుకుమన్న ప్రతిసారీ రౌటర్ మళ్లీ మొదటినుంచి లేస్తుంది, రెండు నిమిషాలు పోతాయి, మూడేళ్లు రావాల్సిన డబ్బా ఏడాదికే పోతుంది. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. మీరు పెట్టే మొదటి ఖర్చు అదైతే మేలు.

తమిళనాడులో టాన్‌ఫినెట్ ద్వారా 12,525 గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే పని చేపట్టారు. తీగ పంచాయతీ దాకా వస్తుంది. అక్కడి నుంచి బడిలోకీ, ఆరోగ్య కేంద్రంలోకీ, గ్రంథాలయంలోకీ చివరి ముక్క చాలాచోట్ల వైఫైయే. అంటే ఇంట్లో మనం చేసుకునే ఈ ఏర్పాటు రేపు ఊరికి కూడా కావాలి. ఆరోగ్య కేంద్రం వీడియో, పంచాయతీ ఆఫీసులో ఎవరో తీసుకుంటున్న పెద్ద ఫైలు, రెండూ ఒకే తీగ మీద ఉంటే వంతు ఎవరు చెప్పాలి? ఊళ్లో ఆ డబ్బాను చూసుకునే కుర్రవాడికి ఈ సంగతులు నేర్పించమని గ్రామసభలో అడగండి. అది మన హక్కు.

హక్కు అన్నాను కాబట్టి ఒక స్పష్టత ఇవ్వాలి. ఇంట్లో మనం వంతులు పెట్టుకోవచ్చు. కానీ కంపెనీ తనంతట తాను ఒక యాప్‌ను ముందుకు తోసి, ఇంకొకదాన్ని వెనక్కి నెట్టకూడదు. 2015లో దీని మీద మన దేశంలో పెద్ద చర్చ జరిగింది, లక్షల మంది టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు ఈమెయిళ్లు పంపారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ కొన్ని సైట్లకు ఒక ధర, కొన్నింటికి ఒక ధర పెట్టడాన్ని నిషేధించింది. 2018 జూలైలో టెలికం శాఖ నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించి, ఆ తరవాత వాటిని లైసెన్స్ షరతుల్లో చేర్చింది. మీ ఫోన్‌లో ఒక్క వీడియో యాప్ మాత్రమే రోజూ ఒకే వేళకు నత్తనడక నడుస్తూ మిగతావన్నీ పరుగెడుతుంటే, తేదీ, వేళ, స్పీడ్ టెస్ట్ అంకె రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి. వంతు నిర్ణయించే అధికారం ఇంట్లోవాళ్లది.

ఆ అధికారాన్ని తొందరగా వాడుకోవాల్సిన చోటు ఒకటుంది. ఈసంజీవని అనే ప్రభుత్వ సేవ ద్వారా ఇంట్లోనుంచే డాక్టరుతో మాట్లాడే సౌకర్యం 2020 నుంచి ఉంది. మన రాష్ట్రంలో దాన్ని బాగా వాడుకుంటున్నారు. ధర్మపురి బస్సెక్కి, ఆసుపత్రి వరసలో నిలబడలేని పెద్దవాళ్లకు అది పెద్ద ఆసరా. డాక్టరు గొంతు వినబడక ‘మాత్ర ఎన్నిసార్లన్నారు, రెండా మూడా’ అని తికమకపడితే ప్రమాదం. అలా మాట్లాడాల్సిన రోజుకు ఒక ఫోన్‌ను ఇంట్లో కేటాయించండి. దాన్ని రౌటర్ పేజీలో డివైస్ ప్రయారిటీలో అన్నింటికన్నా పైన పెట్టండి. కొన్ని రౌటర్లు ‘ఒక గంటకు, నాలుగు గంటలకు, ఎప్పటికీ’ అని అడుగుతాయి. ‘ఎప్పటికీ’ అని నొక్కండి. ఫోన్ వైఫై సెట్టింగ్‌లో ‘రాండమ్ మ్యాక్’ అని ఉంటే, ఆ ఒక్క ఫోన్‌లో మన ఇంటి వైఫైకి మాత్రం దాన్ని తీసి ‘డివైస్ మ్యాక్’ పెట్టండి, లేకపోతే రౌటర్ గుర్తుపట్టే ఫోన్ చిరునామా మారినప్పుడు అది దాన్ని కొత్త ఫోన్ అనుకుంటుంది, మీరిచ్చిన వంతు పోతుంది. పెట్టాక ముందురోజు సాయంత్రమే, టీవీ నడుస్తుండగా, ఫోటోలు ఎక్కుతుండగా, ఆ ఫోన్ నుంచి ఒక చుట్టానికి వీడియో కాల్ చేసి పది నిమిషాలు మాట్లాడి చూడండి.